వానపాము చెప్పు సాక్ష్యము
నేలలోని విషమును కొలుచు పరీక్షను గూర్చి

గత వర్షాకాలమున మా కళాశాల జాతీయ సేవా పథకము విద్యార్థులతో కలిసి మేము పినపాక మండలమునందలి ఒక గ్రామమున వారము దినములు గడపితిమి. ఒక ప్రక్క గోదావరి, వేరొక ప్రక్క టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి, నడుమ వరి, పత్తి, మిరప పండించు చేలు. పూర్వము ఖమ్మం జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున కోయలును ఇతర రైతులును ప్రక్కప్రక్కనే సేద్యము చేయుచుందురు.

ఒకనాటి సాయంకాలము చేని గట్టున కూర్చుండిన ఒక వృద్ధ రైతు మమ్ము చూచి ఇట్లనెను: “సారూ, మా చిన్నప్పుడు తొలకరికి నాగలి కడితే సాలెంట ఎర్రలు బయటపడేవి. కొంగలు ఎడ్ల ఎనకాలే తిరిగేవి. ఇప్పుడు కొంగలు రావట్లేదు. ఎర్రలుంటేగా రావటానికి! ఇది మందు పనా, మా ఖర్మా?”

మేము తడుముకొనక “మందు పనే, పెద్దాయనా” యంటిమి. ఆయన తల యాడించి, “నేను కొట్టేది పచ్చగుర్తు మందే సారూ. డబ్బా మీద పచ్చగుర్తుంటే ఏం కాదని మందుల షాపాయన చెప్పాడు” అనెను. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను.

కళాశాలకు మరలి వచ్చిన పిదప ఈ సంగతిని జంతుశాస్త్ర శాఖలోని మా మిత్రునితో చెప్పగా ఆయన ఒక్క ప్రశ్న వేసెను: “మందు పనే యని మీకెట్లు తెలిసినది?” మేము తెలుగు బోధించువారము. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పునపుడు ఆధారము లేని యర్థమును విద్యార్థి చెప్పినచో ఒప్పుకొనము. రైతునకు మాత్రము ఆధారము లేని మాట చెప్పి వచ్చితిమి. ఆ తప్పును దిద్దుకొనుటకై మిత్రుని సాయమున మేము నేర్చుకొన్న దానిని మా విద్యార్థులకై ఇచట వ్రాయుచున్నాము.

పేర్లు

మన పూర్వులకు ఈ జీవి చిరపరిచితము. అమరకోశమున మహీలత, గండూపదము, కించులుకము అను పేర్లు దీనికి గలవు. మహీలత యనగా నేలతీగ. ఉర్దూలో దీనిని కేంచువా యందురు. ఈ మాటకును కించులుకమునకును గల పోలిక చదువరులకు వెంటనే తోచును. యునానీ వైద్యమున శుద్ధిచేసిన వానపామును ఖరాతీన్ అను పేర ఔషధముగా వాడుట గలదు. తెలుగున వానతోడనే పైకి వచ్చును గనుక వానపాము. పల్లెలలో ఎర్ర యందురు. గాలమునకు గ్రుచ్చు ఎర అదియే. ఇన్ని పేర్లు పెట్టిన జాతికి దీని యునికిని గూర్చిన ఎరుక తప్పక యుండెను. దీని లేమిని కొలుచు విద్య మాత్రము ఇటీవలిది.

వానపామునే ఏల పరీక్షింపవలెను?

నేలలో లెక్కలేనన్ని జీవులు గలవు. వానినన్నింటిని విడిచి శాస్త్రజ్ఞులు వానపామును ఎన్నుకొనుటకు కారణములు మూడు.

మొదటిది దాని దేహ నిర్మాణము. వానపామునకు ఊపిరితిత్తులు లేవు. తడిగా నుండు చర్మము ద్వారానే అది శ్వాసించును. మట్టి తేమలో కరిగిన రసాయనము ఆ చర్మము గుండ లోనికి పోవును. అంతియే గాక అది మట్టిని మ్రింగి అందలి కుళ్లిన పదార్థమును జీర్ణించుకొని మిగిలినది విసర్జించును. కావున విషము చర్మము నుండియు, కడుపు నుండియు, రెండు దారుల ప్రవేశించును.

రెండవది దాని సేవ. ఛార్లెస్ డార్విన్ తన మరణమునకు ముందటి సంవత్సరమున, అనగా 1881లో, వానపాములను గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఇంగ్లండులోని అనేక ప్రదేశములలో ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైగా మట్టి వీని దేహముల గుండ సాగి పైకి వచ్చునని ఆయన లెక్క వేసెను. వాని బొరియల వెంట గాలియు నీరును లోనికి దిగును. రాలిన ఆకు మట్టిలో కలియును. ఇంగ్లండు ఆపిల్ తోటలలో 1970 దశకమున బెనోమిల్ అను శిలీంధ్రనాశిని చల్లిన చోట వానపాములు క్షీణించి, రాలిన ఆకులు నేలలో కలియక పైననే నిలిచిపోవుట పరిశీలకులు గుర్తించిరి.

మూడవది ఆహారపు గొలుసున దాని స్థానము. అమెరికాలో ఎల్మ్ చెట్ల తెగులును ఆపుటకై డి.డి.టి. చల్లిరి. ఆకులు రాలినవి, వానపాములు ఆ ఆకులను తిన్నవి, మరుసటి వసంతమున రాబిన్ పక్షులు ఆ వానపాములను తిని చచ్చినవి. ఇల్లినాయ్ రాష్ట్రమున రాయ్ బార్కర్ అను శాస్త్రజ్ఞుడు 1958లో ఈ గొలుసును వివరించెను. రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథమున ఈ వృత్తాంతము గలదు. పదునొకండు పెద్ద వానపాములలోని డి.డి.టి. ఒక రాబినును చంపుటకు చాలునని యందు చెప్పబడినది. పినపాక రైతు కొంగలను గూర్చి చెప్పిన మాటను ఈ వెలుగులో చూచిన, అది ముసలివాని ముచ్చట మాత్రమే కాదని తెలియును.

పచ్చగుర్తు దేనికి సాక్షి?

మన దేశమున పురుగుమందులకు 1968 నాటి కీటకనాశినుల చట్టమును, 1971 నాటి నియమములును వర్తించును. ఆ నియమముల ప్రకారము డబ్బాపై ముక్కోణపు రంగు గుర్తు ఉండును. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమ విషము, ఆకుపచ్చ స్వల్ప విషము.

ఈ విభజనకు ఆధారమేమి? పరీక్షకు గురియైన ఎలుక వంటి జంతువులలో సగము చచ్చుటకు దేహ బరువులో కిలోగ్రామునకు ఎన్ని మిల్లీగ్రాముల మందు కావలయును అను లెక్క. నోటి ద్వారా ఇచ్చినపుడు ఆ మోతాదు 50 లోపున్నచో ఎరుపు, 51 నుండి 500 వరకు పసుపు, 501 నుండి 5000 వరకు నీలము, 5000 దాటినచో ఆకుపచ్చ. కావున ఈ గుర్తు మందును పట్టుకొను మనిషికి కలుగు అపాయమును తెలుపుటకు ఏర్పడినది. ఎలుక సాక్ష్యమును బట్టి మనుష్యునకు చేయు హెచ్చరిక యది. వానపామును గూర్చి ఆ గుర్తు ఏమియు చెప్పదు.

ఒక ఉదాహరణ చూతము. కార్బెండజిమ్ మన రైతులు విరివిగా నెరిగిన శిలీంధ్రనాశిని. ఎలుక విషయమున దాని మారక మోతాదు 5000 మిల్లీగ్రాములను మించును. కావున అది ఆకుపచ్చ తరగతిలో చేరును. అయితే వానపాముల సంతానోత్పత్తి పరీక్షలో, పరీక్ష సరిగా సాగుచున్నదా లేదా యని చూచుకొనుటకు శాస్త్రజ్ఞులు వాడు నిశ్చిత విషము ఆ కార్బెండజిమే! కిలోగ్రాము పొడి మట్టికి 1 నుండి 5 మిల్లీగ్రాముల లోపుననే అది వానపాముల సంతతిని తగ్గింపవలెను. తగ్గింపనిచో పరీక్షలోనే లోపమున్నదని భావింతురు. పైన చెప్పిన బెనోమిల్ సైతము మట్టిలో విడివడి కార్బెండజిముగా మారునదే.

ఎలుకకు స్వల్పమైనది ఎర్రకు స్వల్పము కాకపోవచ్చును. ప్రతి జీవికిని దాని పరీక్ష దానికే కావలెను.

పరీక్ష యొక్క పుట్టుక

పూర్వము ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క రీతిని, ఒక్కొక్క మట్టిలో, ఒక్కొక్క జాతి వానపామును పరీక్షించుచుండెను. ఒకరి ఫలితమును మరియొకరి ఫలితముతో పోల్చుటకు వీలు లేకుండెను. ఈ చిక్కును తీర్చుటకై ఐరోపా దేశములు పూనుకొన్నవి. బ్రిటనులోని రోథంస్టెడ్ పరిశోధన కేంద్రమునకు చెందిన క్లైవ్ ఎడ్వర్డ్సు ఈ కృషిలో ముఖ్యుడు. పెక్కు ప్రయోగశాలలు ఒకే పద్ధతిని పాటించి ఫలితములను సరిపోల్చుకొన్నవి. తుదకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1984 ఏప్రిల్‌లో 207వ మార్గదర్శకముగా ఈ పరీక్షను ఆమోదించెను.

ఇందు వాడు వానపాము ఐసీనియా ఫెటిడా. ఇది పేడకుప్పలలో పెరుగును. వర్మీకంపోస్టు చేయువారికి సుపరిచితము. తక్కువ కాలమున పెరిగి పెక్కు పిల్లలను పెట్టును గనుక ప్రయోగశాలకు అనువైనది. పరీక్షకు కనీసము రెండు మాసముల వయస్సు గలిగి, మెడ దాపున జీను వంటి పట్టీ ఏర్పడిన పెద్దవానినే తీసుకొందురు. ఒక్కొక్కటి 300 నుండి 600 మిల్లీగ్రాముల బరువుండవలెను.

మొదటి మెట్టు: వడపోత కాగితము

చిన్న గాజు సీసా లోపలి గోడకు వడపోత కాగితమును అంటించి, రసాయనము కరిగిన ద్రావణమును ఆ కాగితముపై పోసి ఆరబెట్టుదురు. పిదప కొంచెము నీటితో తడిపి ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క వానపామును విడిచి చీకటిలో 48 గంటలుంచుదురు. ఒక్కొక్క మోతాదునకు పది సీసాలు. ఇది కేవలము తొలి జల్లెడ. ఇందు చర్మము ద్వారా కలుగు హాని మాత్రమే తెలియును. మట్టి లేదు గనుక మట్టి విషమును పట్టియుంచు గుణము ఇందు కానరాదు.

రెండవ మెట్టు: కృత్రిమ మృత్తిక

అసలు పరీక్ష మట్టిలో జరుగును. అయితే ఏ మట్టి? పినపాక చెలక వేరు, కృష్ణా తీరపు నల్లరేగడి వేరు, ఇంగ్లండు నేల వేరు. అందుచేత అందరును ఒకే రీతి చేసుకొనదగిన మట్టిని కల్పించిరి. అందు నూటికి 70 పాళ్లు సన్నని ఇసుక, 20 పాళ్లు కేయొలిన్ అను తెల్ల బంకమన్ను, 10 పాళ్లు పీటు, అనగా చిత్తడి నేలల నాచు కుళ్లి ఏర్పడిన పదార్థము. కొద్దిగా సున్నపు పొడి కలిపి ఆమ్లక్షార సూచిక 6 దగ్గర నుండునట్లు చూతురు. పొడి బరువులో నూటికి 35 వంతుల నీరు చేర్తురు.

ఒక్కొక్క గాజు పాత్రలో 750 గ్రాముల తడి మట్టి పోసి పది వానపాములను విడుతురు. ఒక్కొక్క మోతాదునకు నాలుగు పాత్రలు. అనగా నలువది వానపాములు. మోతాదులు ఐదు, అవి ఒకే గుణకముతో పెరుగుచుండవలెను. మందు కలుపని పాత్రలు నాలుగు వేరుగా నుంచుదురు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. దీపము ఎల్లప్పుడు వెలుగుచుండును. వెలుగునకు జడిసి వానపాములు మట్టిలోనే యుండవలెనని దీని ఉద్దేశము.

ఏడవ దినమున మట్టిని పళ్లెములో పోసి బ్రతికినవానిని లెక్కించి, అదే మట్టిలో మరల విడుతురు. పదునాలుగవ దినమున తుది లెక్క. తల భాగమును మెల్లగా తాకినపుడు కదలనిది చచ్చినదని నిర్ణయము. చచ్చిన వానపాము త్వరగా కుళ్లి మట్టిలో కలిసిపోవును. అందుచేత కనిపింపనిదానిని కూడ చచ్చినవాని క్రిందనే జమకట్టుదురు.

మందు లేని పాత్రలలో నూటికి పదింటికి మించి చచ్చినచో ఆ పరీక్ష చెల్లదు. ఈ నియమము మమ్ము ఎక్కువగా ఆకర్షించినది. మందు లేకయే చచ్చుచున్నపుడు చావునకు మందును నిందింపరాదు. చేని గట్టున మేము మరచిన నియమము ఇదియే.

మూడు లెక్కలు

విద్యార్థులు సామాన్యముగా పొరబడు చోట్లు మూడు. ఈ క్రింది అంకెలు బోధనార్థము మేము కల్పించుకొన్నవి. ఏ మందునకును సంబంధించినవి కావు.

మొదటిది మోతాదు లెక్క. మోతాదును ఎల్లప్పుడును పొడి మట్టికే లెక్కింపవలెను. పొడి బరువులో నూటికి 35 వంతుల నీరున్న 750 గ్రాముల తడి మట్టిలో పొడి మట్టి ఎంత? 750ని 1.35తో భాగింపగా 555.6 గ్రాములు. కిలోగ్రామునకు 10 మిల్లీగ్రాముల మోతాదు కావలెనన్న 5.56 మిల్లీగ్రాముల మందు చాలును. తడి బరువునకే లెక్కగట్టి 7.5 మిల్లీగ్రాములు కలిపినచో నిజమైన మోతాదు 13.5 అగును. అప్పుడు ఫలితమంతయు తప్పును.

రెండవది సహజ మరణముల సవరణ. మందు లేని నలువదింటిలో 2 చచ్చినవి. అనగా నూటికి 5. మందు కలిపిన నలువదింటిలో 21 చచ్చినవి; అనగా నూటికి 52.5. మందు వలన చచ్చినవెన్ని? 52.5 నుండి 5 తీసివేయగా 47.5. దీనిని మందు లేకున్న బ్రతికియుండు 95తో భాగింపగా సరిగా సగము, నూటికి 50. ఈ సూత్రమును అబ్బట్ అను కీటకశాస్త్రజ్ఞుడు 1925లో ప్రకటించెను.

మూడవది సగము చంపు మోతాదు. దీనిని మధ్యమ మారక సాంద్రత యనవచ్చును, శాస్త్రజ్ఞులు ఎల్.సి. 50 అందురు. 20 మిల్లీగ్రాముల వద్ద నూటికి 30, 40 మిల్లీగ్రాముల వద్ద నూటికి 70 చచ్చినవనుకొందము. 50 ఎచట? సగటు 30 అని చెప్పుట తొందరపాటు. మోతాదులు గుణకముతో పెరుగుచున్నవి గనుక సంవర్గమానముల మధ్యబిందువును తీసుకొనవలెను. 20ని 40తో గుణించి వర్గమూలము తీయగా సుమారు 28.3 వచ్చును. ఈ సంఖ్య ఎంత చిన్నదైనచో విషము అంత తీవ్రము.

చావు లేని హాని

చావక బ్రతికినంత మాత్రమున క్షేమమనుకొనరాదు. పదునాలుగు దినములు బ్రతికిన వానపాము పిల్లలను పెట్టలేకపోయినచో రెండు మూడేండ్లకు చేను శూన్యమగును. అందుచేత 2004లో అదే సంస్థ 222వ మార్గదర్శకముగా సంతానోత్పత్తి పరీక్షను వెలువరించెను. పాత్రకు పది పెద్ద వానపాములను విడిచి పేడ మేతగా వేసి 28 దినములుంచి తీసివేయుదురు. గుడ్ల కోశములు మట్టిలోనే మిగులును. మరి 28 దినముల పిదప, అనగా మొత్తము 56వ దినమున, పిల్లలను లెక్కింతురు. మందు లేని పాత్రలో కనీసము 30 పిల్లలైనను పుట్టనిచో ఆ పరీక్ష చెల్లదు.

మరియొకటి విముఖతా పరీక్ష. ఒకే పెట్టెలో ఒక ప్రక్క మంచి మట్టి, ఒక ప్రక్క మందు మట్టి యుంచి నడుమ వానపాములను విడుతురు. 48 గంటల పిదప ఎన్ని ఎటున్నవో చూతురు. పదింటిలో ఎనిమిదికి మించి మంచి మట్టి వైపు చేరినచో మందు మట్టి నివాసయోగ్యము కాదని నిర్ణయము. ఈ పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. నోరు లేని జీవి తన అభిప్రాయమును తన నడకతో తెలుపుట ఇందలి విశేషము.

మన నేలకు ఇది వర్తించునా?

ఇచట జాగ్రత్త యవసరము. ఐసీనియా ఫెటిడా పేడకుప్పలది. మన చేలలో సామాన్యముగా కనిపించు దేశీయ వానపాము లాంపిటో మారిషియై. ఒక జాతికి తగిలిన మోతాదు వేరొక జాతికి అదే రీతి తగులునని చెప్పరాదు. ప్రయోగశాలలో 20 డిగ్రీలు. మన ఖరీఫు నేల అంతకంటె వేడి. వేడిలో వానపాము చురుకుగా తిరుగును, ఎక్కువగా తినును. మందు విడివడుటయు వేగముగానే జరుగును. ఈ రెండింటిలో ఏది మించునో మందును బట్టి మారును.

సేంద్రియ పదార్థము మరియొక సంగతి. నీటిలో సులభముగా కరుగని మందులను పీటు వంటి పదార్థము పట్టియుంచును. అప్పుడు వానపామునకు తగులు విషము తగ్గును. మన ఎర్ర చెలకలలో సేంద్రియ పదార్థము స్వల్పము. కావున కృత్రిమ మృత్తికలో భద్రమని తోచిన మోతాదు చెలకలో భద్రము కాకపోవచ్చును. పీటు ఉష్ణదేశములలో దొరకుట కష్టము గనుక దానికి బదులు కొబ్బరిపీచు పొట్టును వాడు విధానమును పరిశోధకులు పరీక్షించి 2009లో ప్రచురించిరి. ఇట్టి కృషి మన విశ్వవిద్యాలయములలోను విరివిగా జరుగవలసియున్నది.

చేనిలో లెక్కించుట

ప్రయోగశాల చెప్పునది ఒక్కటే: ఈ మందు ఇంత మోతాదున వానపామును చంపగలదు. ఈ చేనిలో ఈ మందే చంపినదని అది చెప్పదు. చేనిలో వానపాములు తగ్గుటకు వేరు కారణములును గలవు. పశువులు తగ్గి పెంట తోలుట మానుట, ట్రాక్టరుతో మాటిమాటికి దున్నుట, పత్తి కట్టెను కాల్చివేయుట, వర్షాభావము, ఇవన్నియు తమ వంతు చేయగలవు. పైగా వేసవిలో వానపాములు లోతునకు పోయి ముడుచుకొని నిద్రించును. మే మాసమున త్రవ్వి “లేవు” అనుట సాక్ష్యము కాదు.

కావున విద్యార్థులు చేయదగిన పని యొకటి గలదు. వానలు నిలదొక్కుకొనిన పిదప, 25 సెంటీమీటర్ల భుజము గల చదరమును గీచి 30 సెంటీమీటర్ల లోతున మట్టిని తీసి గోనెపట్టాపై పరచి చేతితో ఏరి లెక్కింపవలెను. వచ్చిన సంఖ్యను 16తో గుణించిన చదరపు మీటరు లెక్క యగును. ఒక గుంటలో 5 దొరికినచో మీటరునకు 80. ఒక్క గుంట చాలదు. ఒక్కొక్క చేనిలో కనీసము ఐదు గుంటలు, అదే నేల తీరు గల మందు కొట్టని చేనిలో ఐదు గుంటలు త్రవ్వవలెను. లెక్క ముగియగానే వానపాములను మట్టితో సహా విడిచిపెట్టవలెను. రైతును అడిగి ఏ మందు, ఎన్నడు, ఎంత కొట్టెనో, పెంట ఎన్నడు తోలెనో వ్రాసికొనవలెను. ఈ లెక్కయు ప్రయోగశాల లెక్కయు ఒకే మాట చెప్పినపుడు మన మాటకు బలము చేకూరును.

కళాశాలలో పరీక్షా విధానమును నేర్చుకొనుటకు పురుగుమందును ముట్టవలసిన పని లేదు. వంట ఉప్పును గ్రాముల లెక్కన కలిపి, కొద్దిపాటి వానపాములతో విముఖతా పరీక్ష చేసినను పద్ధతి యంతయు బోధపడును. పురుగుమందులతో చేయు పరీక్ష శిక్షణ పొందినవారు తగిన ప్రయోగశాలలో చేయదగినది.

పొరుగూరి పాఠము

పాల్వంచ మండలములోని పునుకుల పినపాకకు పరాయిది కాదు, అదే జిల్లాలోనిది. ఆ గ్రామ పత్తి రైతులు మందుల అప్పులతోను, మందుల వలని అనారోగ్యముతోను విసిగి, 1999 ప్రాంతమున సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు మొదలగు పద్ధతులను చేపట్టిరి. 2004 నాటికి ఆ ఊరు పురుగుమందులు లేని గ్రామముగా పేరు గాంచెను. ఆ కాలముననే రాష్ట్ర గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ పద్ధతులను ఇతర గ్రామములకు వ్యాపింపజేయ మొదలిడెను. కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన ఉత్తర్వు ప్రకారము, మన రైతులు గుళికల రూపమున నేలలో చల్లుచుండిన ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధమైనది.

పునుకుల రైతులు వానపాముల కొరకు ఈ మార్గమును పట్టలేదు; తమ బ్రతుకు కొరకు పట్టిరి. అయినను మందు తగ్గిన నేల వానపామునకు మేలు చేయగలదు. అది ఎంత మేలో గుంట త్రవ్వి లెక్కించినవాడే చెప్పగలడు.

తుదిమాట

ఆ వృద్ధుని డబ్బాపై ఏ మందు పేరున్నదో మేము చదువలేదు. అది మా రెండవ తప్పు. మరల పినపాకకు పోయినపుడు ఆయనతో ఏమి చెప్పవలెనో ఇప్పుడు మాకు తెలిసినది. “పెద్దాయనా, ఆనాడు తొందరపడి చెప్పితిమి. పచ్చగుర్తు నీ కొరకు పెట్టినది; ఎర్ర కొరకు కాదు. ఆ గుర్తును చూచి నేలకు ఏమియు కాదనుకొనవద్దు. మందు పేరు చూపుము, ఆ పేరుపై వానపాము పరీక్ష ఏమి చెప్పుచున్నదో కనుగొని వచ్చెదము. వానలు పడిన పిదప మా పిల్లలు నీ చేనిలో ఐదు గుంటలు, మందు కొట్టని చేనిలో ఐదు గుంటలు త్రవ్వుదురు. లెక్క నీ యెదుటనే జరుగును.”

ఈ మాటలో “మందు పనే” యన్నంత ధీమా లేదు. కాని ఆయన అడిగిన ప్రశ్నకు ఈ మాటయే తగిన గౌరవము. కొంగలు తిరిగి ఎడ్ల వెంట నడచునో లేదో మేము చెప్పజాలము. గుంటలు త్రవ్వుటకు ముందుకు రాదలచిన విద్యార్థులు జూలై మాసమున తమ పేర్లను జంతుశాస్త్ర శాఖలో గాని మావద్ద గాని వ్రాయింపవలసినదిగా కోరుచున్నాము. గడ్డపారలు మేము సమకూర్చెదము.